దద్దు లేని పిల్లలు బండెక్కారు

2023 మొదట్లో సంగతి. కరోనా మాస్కులు ముక్కు మీంచి గడ్డం కిందికి, గడ్డం కింద నుంచి జేబులోకి, చివరికి బండి తుడిచే గుడ్డల్లోకి దిగిపోయిన కాలం. ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే దారికి కాస్త పక్కగా ఉన్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నేను మల్టీ పర్పస్ హెల్త్ సూపర్‌వైజర్‌ని. నా జీతం కంటే ఈ పేరే పొడవు. మల్టీ పర్పస్ అంటే ఏమిటని మా మామ ఒకసారి అడిగితే, ఏ పనికీ ప్రత్యేకంగా పనికిరానివాడని చెప్పి తప్పించుకున్నాను. ఊళ్లలో మాత్రం నాకు పొట్టి పేరే ఉంది. దోమల సారు. మలేరియా మందు కొట్టించిన రోజుల్లో అంటుకున్న పేరు. అంటుకునేవాటి మీదే బతుకుతున్నవాణ్ని, ఒక పేరు అంటుకుందని ఎవరికి ఫిర్యాదు చేయను?

మా పనిని సర్వైలెన్స్ అంటారు. అంటే కనిపెట్టుకుని ఉండటం. బడి, హాస్టల్, వృద్ధాశ్రమం, ఇట్లా నలుగురూ ఒకే గదిలో పడుకుని ఒకే బకెట్‌లో చెంబు ముంచే చోట జబ్బు మొదలైతే వెంటనే తెలుసుకోవాలి, పైకి చెప్పాలి, అక్కడికక్కడే ఆపాలి. అందులో ‘ఫీవర్ విత్ రాష్’ అనేది ఒకటి. జ్వరం, ఒంటి మీద ఎర్రటి దద్దు. అది తట్టా, ఆటలమ్మా, ఇంకేదైనా చెమట పొక్కా అని తేల్చేది ల్యాబు. అనుమానం వచ్చిన రోజే చెప్పడం మా వంతు. ఒకచోట ఒక బిడ్డకు వస్తే కేసు, అదే చోట నలుగురైదుగురికి వరసగా వస్తే అవుట్‌బ్రేక్. చెప్పడం సులువే. చెప్పనివ్వడమే ఎవరికీ ఇష్టం ఉండదు.

మా పడమటి మండలాల్లో సుగ్గి అనే మాట ఉంది. ఇక్కడి చేలల్లో పని అయిపోయాక మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు పోవడాన్ని సుగ్గికి పోవడం అంటారు. ఆ రోజుల్లో మా ఊళ్లకు వస్తే వీధికి వీధే తాళాలు వేలాడుతుంటాయి. పిల్లలూ తల్లిదండ్రుల వెంట పోతే చదువు చెడుతుందని బడిలోనే సీజనల్ హాస్టల్ పెడతారు. పగలు పాఠం చెప్పిన గదిలోనే రాత్రి చాపలు పరుస్తారు. నేను చెప్పబోయే హాస్టల్ అలాంటిదే. ఊరి పేరు వద్దు. ఆ ఊరివాళ్లు ఇప్పటికే కావలసినంత పడ్డారు.

నేను ఆ రోజు వెళ్లింది నీళ్ల ట్యాంకులో క్లోరిన్ చూడటానికి. చూశాక మధ్యాహ్నం అన్నానికి కూర్చోబెట్టారు. వంట చేసే ఈరమ్మవ్వ అన్నంలో పప్పు పోసింది. పప్పులో తాలింపు లేదు. ఎల్లిపాయ లేదు, ఎండుమిరప లేదు, నూనె చుక్క లేదు.

“ఏందవ్వా, తాలింపు మరిసిపోయినావా?”

“నూనె అయిపోయినాదప్పా.”

ఆమె వెనకే నూనె డబ్బా ఉంది. దానికి సీలు కూడా తీయలేదు.

“ఆ డబ్బాలో ఏముంది మరి?”

“నువ్వు దోమలు సూడనీకి వచ్చినావా, డబ్బాలు సూడనీకి వచ్చినావా? గమ్మున తిను.”

గమ్మునే రెండు ముద్దలు తిని ఆగాను. ఇంట్లో ఎవరికైనా అమ్మవారు పోస్తే మా వైపు తాలింపు పెట్టరు. నూనె చిటపటలు అమ్మకు పడవంటారు. దాన్ని జ్వరం అనరు, జబ్బు అసలే అనరు. బయటివాళ్లకు చెప్పరు. డాక్టర్ దగ్గరికి తీసుకుపోతే అమ్మను వెళ్లగొట్టినట్టు. నేనూ ఆ ఇళ్లలో పుట్టినవాణ్నే. చిన్నప్పుడు నాకు పోసినప్పుడు మా ఇంట్లో అందరూ చప్పిడి తిన్నారు, ఆ కోపం మా అన్నకు ఇంకా పోలేదు.

కంచం పక్కన పెట్టి, గొంతు తగ్గించి అడిగాను. “అవ్వా, అమ్మోరు ఎవురికి వచ్చినాది?”

జబ్బు ఎవరికని అడిగి ఉంటే చెప్పేది కాదు. ఈరమ్మవ్వ రెండు లెంపలూ వేసుకుని, కొంగు తల మీదికి లాక్కుని, సామాన్ల గది వైపు చూపించింది. తలుపుకు వేపమండ కట్టి ఉంది.

లోపల ముగ్గురు పిల్లలు. ఎర్రటి కళ్లు, కారే ముక్కు, గొంతు గీరుకుపోయేలా దగ్గు. చెవుల వెనక మొదలై ముఖం మీదుగా ఛాతీ దాకా దిగిన దద్దు. ల్యాబు చెప్పేది ల్యాబు చెబుతుంది కానీ, నాకు తట్టులాగే కనిపించింది. ఇంగ్లీషులో మీజిల్స్. తట్టు తలుపు తట్టి రాదు. ముందు జలుబులాగా, దగ్గులాగా వచ్చి ఇంట్లో మనిషిలా కూర్చుంటుంది. మూడు నాలుగు రోజులు పోయాక గానీ దద్దుగా లేచి తన పేరు చెప్పదు. పేరు చెప్పేసరికే అంటించాల్సిన వాళ్లకు అంటించేసి ఉంటుంది.

వార్డెన్ తిక్కస్వామి పరుగెత్తుకుని వచ్చాడు. మా వైపు ఆ పేరు మామూలే. పేరులో ఉన్న తిక్క అతనిలో ఎంత వెతికినా దొరకదు. పిల్లలకు పేలు చూసి తల దువ్వే వార్డెన్‌ని నేను అతన్ని తప్ప ఇంకొకర్ని చూడలేదు.

“అన్నా, పైకి సెప్పొద్దన్నా, నీకు దండం పెడతా. సెప్తే హాస్టల్ మూసేయమంటారు. మూస్తే ఈ బిడ్డలు యాడికి పోతారు? సేలకాడికే పోతారు. పోయినోళ్లు మళ్ల బడి మొగం సూడరు.”

“మూయమని ఎక్కడా లేదు తిక్కస్వామీ. ఉన్నోళ్లను ఉన్న చోటే ఉంచి, అందరికీ సూది వేయమనే ఉంది.”

“రూలు నీ కాడ ఉంటాదన్నా. ఫోన్లు నాకొస్తాయి.”

అక్కడే నిలబడి మా డాక్టరమ్మకు ఫోన్ చేశాను, ఫోన్‌లోనే రిపోర్ట్ ఎక్కించాను. డాక్టరమ్మ వచ్చి రక్తం శాంపిల్స్ తీసింది, ముగ్గురికీ విటమిన్ ఏ చుక్కలు వేసింది. తట్టులో కళ్లు పోకుండా, ఊపిరితిత్తులు దెబ్బతినకుండా కాచేది అదే. మరుసటి ఉదయం తక్కిన పిల్లలందరికీ తట్టు రాకుండా కాచే ఎం.ఆర్. టీకా వేయాలని అనుకున్నాం. కరోనా ఏడాదుల్లో టీకా తప్పిపోయినవాళ్లు ఆ గుంపులో చాలామందే ఉన్నారు.

ఇంకెవరికి దగ్గుందో చూసుకుంటూ పోతే నాలుగో తరగతి ఉరుకుందమ్మ దొరికింది. ముక్కు చేతికి తుడుచుకుని, ఆ చేతిని గౌనుకు తుడుచుకుంది. నుదురు కొంచెం వేడిగా ఉంది. ఒంటి మీద మాత్రం ఏమీ లేదు.

“సారూ, నాకు సూది ఏస్తారా?”

“నాది దోమల శాఖమ్మా. సూదుల శాఖ రేపొస్తాది.”

“దోమ కాడ కూడా సూదే కదా సారూ ఉండేది.”

ఇన్నేళ్ల ఉద్యోగంలో నాకు ఆ మాట తోచలేదు. తనకు సూదంటే భయం లేదనీ, తమ్ముడికి వేసినప్పుడు తనే పట్టుకుందనీ చెప్పింది. తమ్ముడు అమ్మ దగ్గర గుంటూరు వైపు ఉన్నాడట. “వానికి పండ్లు రాలేదు సారూ ఇంకా. బోర్ల పడతాడు, మళ్ల ఎల్లెలకల తిరగనీకి రాక ఏడుస్తాడు” అని వాడు ఏడ్చే తీరు కూడా చేసి చూపించింది.

జలుబు, దగ్గు ఉన్నవాళ్లను మూడో తరగతి గదిలో విడిగా ఉంచమని తిక్కస్వామికి చెప్పాను. ఎవరూ గేటు దాటకూడదన్నాను. ఈరమ్మవ్వ నాకంటే గట్టిగా పట్టుకుంది.

“అమ్మోరు వచ్చిన బిడ్డ గడప దాటకూడదప్పా. తలకు నీళ్లు పోసేదాకా ఈడనే ఉండాల. నేనే పక్కన పండుకుంటా, నాకు సిన్నప్పుడే పోసినాది.”

నాకు లోపల సంతోషమే అయింది. ఆమె ఆచారమూ, మా ఐసోలేషనూ ఒకే చాప మీద కూర్చున్నాయి. శాంపిల్స్ ఐస్ పెట్టెలో పెట్టుకుని, వేడెక్కకముందే అప్పగించాలని ఆదోని బయల్దేరాను.

నేను పోయిన తర్వాత జరిగింది తిక్కస్వామి చెప్పగా విన్నదే. రిపోర్ట్ పైకి పోయింది. పై ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. వైద్యం వాళ్లది కాదు, హాస్టళ్లు చూసేవాళ్లది. ఇంకొకరికి అంటకముందే బాగున్న పిల్లలందర్నీ ఇళ్లకు పంపించెయ్యమన్నారు. వాళ్లకు చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు. ఇల్లు అంటే లోపల మనుషులు ఉంటారనుకున్నారు, అంతే.

సామాన్ల గదిలోని ముగ్గురినీ ఈరమ్మవ్వ కదలనివ్వలేదు. దద్దు ఉన్నవాళ్లు ఉండిపోయారు. ఒంటి మీద ఏమీ లేనివాళ్లు ‘బాగున్నవాళ్లు’ అయ్యారు. ఊళ్లో అవ్వో తాతో ఉన్న పిల్లలు వాళ్ల దగ్గరికి పోయారు. ఇంటికి తాళం ఉన్న పిల్లలను ఎక్కడికి పంపాలి? ఆ సాయంత్రం కూలీల రెండో గుంపును తీసుకుపోవడానికి వాళ్లను పనికి కుదిర్చే మేస్త్రీ తుఫాన్ జీపు వచ్చి ఉంది. ఆ పిల్లలను అందులో ఎక్కించారు. ఉరుకుందమ్మ కిటికీ దగ్గర చోటు కోసం పోట్లాడిందట.

మరుసటి రోజు ఉదయం టీకాల పెట్టెతో, సూదులు వేసే మా ఏఎన్ఎంతో కలిసి వెళ్లేసరికి మూడో తరగతి గదిలో చుట్టిన చాపలు ఉన్నాయి.

“ఏరీ దగ్గున్నోళ్లు?”

తిక్కస్వామి తల ఎత్తలేదు. “ఇండ్లకు పంపించినామన్నా.”

“ఉరుకుందమ్మ ఇంటికి తాళం కదా?”

“వాళ్లమ్మ కాడికి పోయినాది.”

“జలుబున్నోళ్లను పక్కన పెట్టమని చెప్పినాను కదయ్యా!”

“సలికాలంలో జలుబు ఎవురికి లేదన్నా? నీకు లేదా? అమ్మోరు కనపడినోళ్లను ఉంచినాము. కనపడనోళ్లను కాపాడుకుందామనే పంపించినాము. పైనోళ్లు సెప్తే కాదనేదానికి నేనెంతటోణ్ణి?”

నాకు నిజంగానే జలుబు ఉంది.

మధ్యాహ్నానికి మేస్త్రీ నంబర్ పట్టుకుని, అతని ద్వారా ఉరుకుందమ్మ తల్లి నరసమ్మతో మాట్లాడాను. బిడ్డ చేరింది, జ్వరంతోనే చేరింది.

“నరసమ్మా, పాపను సిన్నోనికి దూరంగా పెట్టు. ఒక వారమన్నా.”

“ఎట్ల పెట్టేదప్పా? ఉండేది ఒకటే గుడారం. నేను సేన్లో ఉంటే వాణ్ణి ఎత్తుకునేది అదే. పాప వచ్చినాదని ఇయ్యాల నేను తలకాయ ఎత్తకుండా పని సేసుకుంటి.”

పిల్లవాడికి ఎన్ని నెలలని అడిగాను. ఏడు నిండాయంది. తట్టు టీకా మొదటిది తొమ్మిది నిండాక వేస్తారు. పక్కనే తట్టు వచ్చినప్పుడు మాత్రం ఆరు నిండిన పిల్లలకూ వేయవచ్చు. అది కూడా అంటిన రెండు మూడు రోజుల్లోపే వేస్తేనే కొంత కాస్తుంది. దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకుపొమ్మన్నాను. “పొద్దు మునిగినంక మేస్త్రీని అడుగుతా” అంది. అడిగిందో లేదో నాకు తెలియదు. తర్వాత ఆ నంబర్ కలవలేదు.

ఒక జిల్లా జబ్బు ఇంకో జిల్లాకు పోతే ఆ జిల్లాకు తెలియజేయడాన్ని క్రాస్ నోటిఫికేషన్ అంటారు. అది చేశాం. అక్కడి ఏఎన్ఎం మంచి మనిషి, ఆ రోజే చేలకు వెళ్లింది. కానీ మిరప కూలీలు ఒక చేను అయిపోగానే ఇంకో చేనుకు మారిపోతారు. ఆమె వెళ్లిన చోట మూడు రాళ్ల పొయ్యిలు, బూడిద మిగిలి ఉన్నాయి. ఆమె సర్వేలో ఇళ్లకు నంబర్లు ఉంటాయి, గుడారాలకు ఉండవు. అయినా వెతుకుతూనే పోయింది.

అక్కడ జరిగింది మాకు తర్వాత తెలిసింది. ఉరుకుందమ్మకు దద్దు వచ్చింది, తగ్గింది. అది తగ్గి నీళ్లు పోసుకునే వేళకు తమ్ముడికి జ్వరం అందుకుంది. నరసమ్మ గుడారానికి వేపమండ కట్టింది. పొయ్యి మీద నూనె పెట్టలేదు. పిల్లవాడు ఎగశ్వాస తీస్తున్నా, అమ్మోరు ఒంటి మీద ఉండగా గడప దాటించకూడదని కూర్చుంది. గుడారానికి గడప ఉండదు. అయినా ఆమె దాటలేదు.

కొన్నాళ్లకు నాకు ఫోన్ వచ్చింది. ఆ ఏఎన్ఎం. “అన్నయ్యా, మీరు చెప్పిన బాబు దొరికాడండీ. ఆలస్యంగా దొరికాడండీ. ఆసుపత్రికి తీసుకెళ్లాం. న్యుమోనియా. నిలవలేదు.”

ఇక్కడ ఊళ్లో మిగిలిన పిల్లల్లో ఇంకొందరికి దద్దు లేచింది. అందరూ కోలుకున్నారు. టీకాలు వేశాం. చాలా రోజులు కొత్త కేసు రాకపోయేసరికి అవుట్‌బ్రేక్ ముగిసిందని రాశాం. మా మండలం లెక్కలో మరణాలు లేవు. చావు జరిగింది ఇంకో జిల్లాలో కాబట్టి లెక్క కూడా అక్కడిదే. ఆ ముగింపు కింద పెట్టిన సంతకాల్లో నాదీ ఒకటి.

హాస్టల్ మళ్లీ తెరిచాక తిక్కస్వామి బస్సెక్కి పోయి, దొరికినంతమంది పిల్లలను వెంటబెట్టుకు వచ్చాడు. ఉరుకుందమ్మ కూడా వచ్చింది. ఒకరోజు నేను వెళ్తే ఈరమ్మవ్వ నన్ను పక్కకు పిలిచింది.

“ఆ పిల్లను సూడప్పా. సిన్నోళ్లనెవురినీ తాకదు. ఒకటో తరగతి పిల్లోడు మొన్న కింద పడి ఏడుస్తాంటే సేతులు ఎనక్కి పెట్టుకుని నిలబడినాది. సాప కూడా మూలకు ఏసుకుంటాది.”

బడి మెట్ల మీద ఆ పిల్ల పక్కన కూర్చున్నాను. అదే ముందు మాట్లాడింది.

“నేను ఎత్తుకోకపోయింటే బతికేటోడా సారూ?”

మా వృత్తిలో ఇలాంటి ప్రశ్నకు జవాబు ఉంది. మొదట కనిపించిన రోగిని ఇండెక్స్ కేసు అంటాం. అక్కడి నుంచి గీతలు గీసుకుంటూ ఎవరి నుంచి ఎవరికి పోయిందో చూపిస్తాం. ఆ బొమ్మ నా ఫోన్‌లోనే ఉంది. అందులో ఒక గీత ఈ పిల్ల దగ్గర మొదలై ఒక చిన్న సున్నా దగ్గర ఆగుతుంది.

“వాడు ఏడిస్తే ఎత్తుకున్నావు,” అన్నాను. “ఏడ్చే బిడ్డను ఎత్తుకోవాల్సిందే. జలుబులో ఏముందో నీకు తెల్దు. తెలిసినోళ్లం మేము. నిన్ను బండి ఎక్కనీకుండా ఆపాల్సినోళ్లం పెద్దోళ్లం. నీ తప్పు లేదు.”

“అమ్మ అట్ల అన్లేదు.”

“అమ్మ ఏమన్నాది?”

“ఏమీ అన్లేదు.”

సుగ్గి ముగిసి నరసమ్మ వచ్చాక ఆమె ఇంటికి వెళ్లాను. వాకిట్లో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. పాపతో ఒక్కమాట చెప్పమన్నాను, అది తన వల్లే అనుకుంటోందన్నాను.

“నాకు తెల్దా సారూ? అది ఏం సేసినాది, పసిబిడ్డ” అంది, చేట లోంచి కళ్లు తీయకుండానే. “సెప్తా. సెప్పాలనే ఉంటాది. దాని సంక సూస్తే వాడే కనపడతాడు. మాట రాదు.”

నేను చాలాసేపు కూర్చున్నాను. ఆమె బియ్యం ఏరడం అయిపోయినా చేట దించలేదు.

ఆ తర్వాత కూడా నేను రిపోర్ట్ చేయడం మానలేదు. దాచిపెట్టి ఉంటే ఆ హాస్టల్‌లోనే ఇంకెందరు పోయేవారో. కానీ రిపోర్ట్ చేసిన చోటు వదిలి వెళ్లడం మానేశాను. ఇప్పుడు శాంపిల్స్ ఇంకొకరి చేతికిచ్చి, టీకా వేయడం పూర్తయ్యేదాకా నేను గేటు దగ్గరే కుర్చీ వేసుకుంటాను. మరుసటి ఏడాది ఎమ్మిగనూరులో ఒక హాస్టల్‌లో గవదబిళ్లలు వచ్చినప్పుడు అలాంటి ఫోనే వచ్చింది. వార్డెన్ చేతిలోంచి అందుకుని, “పంపిస్తాం సార్, ఏ బిడ్డ ఇంటి తాళంచెవి ఏ జిల్లాలో ఉందో కనుక్కుని పంపిస్తాం” అన్నాను. అవతలి నుంచి, “ఉంచండి” అన్నారు.

ఇంకో పని కూడా చేస్తున్నాను. అది మా గైడ్‌లైన్స్‌లో లేదు. అవుట్‌బ్రేక్ ముగిసిందని రాసేశాక, వారం పది రోజులు పోనిచ్చి, ఆ హాస్టల్‌కు మళ్లీ వెళ్తాను. టెంపరేచర్ చూడను, గొంతు చూడను. జబ్బుపడి లేచిన పిల్లలను ఒక్కొక్కర్నే పక్కన కూర్చోబెట్టుకుని, నీ వల్ల ఎవరికి అంటిందనుకుంటున్నావని అడుగుతాను, తప్పు నీది కాదని చెప్పడానికి. ఆలోచించుకుని చెబుతారని మొదట్లో అనుకున్నాను. ఎవరూ ఆలోచించరు. ప్రతి బిడ్డ దగ్గరా ఒక పేరు సిద్ధంగా ఉంటుంది.